తెల్లారాక పడుకునే ఊరికి

పొద్దున్నే లేవండి, పరగడుపున తాగండి, సూర్యుడికి ఎదురుగా నిలబడండి... ఆరోగ్య సలహాలన్నీ ఒకే గడియారం చూసి చెబుతారు. విశాఖలో గడియారాలు మూడు, షిఫ్టుకొకటి.

2025 జూన్ 21, శనివారం. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు తీరం పొడవునా చాపలే చాపలు. పదకొండో అంతర్జాతీయ యోగా దినోత్సవానికి ప్రధాని నరేంద్ర మోదీ విశాఖ వచ్చారు. 3 లక్షల మందికి పైగా ఒక్కసారే ఆసనాలు వేశారు. గిన్నిస్ పుస్తకంలో ఊరి పేరు ఎక్కింది. అంతకు ముందురోజు ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు సూర్య నమస్కారాలు చేసి మరో రికార్డు సాధించారు. ఆ రెండు రోజులూ ఈ ఊరు గర్వపడింది. పడవలసిందే.

అదే పొద్దున కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు కర్మాగారం గేటులో రాత్రంతా పనిచేసిన 'సీ' షిఫ్టు వాళ్లు దిగుతున్నారు, పొద్దుటి 'ఏ' షిఫ్టు వాళ్లు లోపలికి వెళ్తున్నారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మనం ముచ్చటగా పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులను ఒకసారి రాజేశాక పూటపూటకీ ఆర్పడం కుదరదు. ఓడ రేవుకొచ్చాక సరుకు దించడానికి తెల్లారేదాకా ఎవరూ ఆగరు. రిఫైనరీ ఆగదు, పరవాడ మందుల కంపెనీల రియాక్టర్లు ఆగవు, కేజీహెచ్ ఆసుపత్రిలో రాత్రి వార్డుకి నర్సు ఉండాల్సిందే. మధురవాడ కొండ మీద ఐటీ కుర్రాళ్లు అమెరికా పగటివేళకి తమ రాత్రిని ఇచ్చేస్తారు. చేపలరేవు సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ పొద్దు అనేది సముద్రం నిర్ణయిస్తుంది.

1933లో రేవు తెరుచుకున్న నాటి నుంచి, 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన నాటి నుంచి మరీ ఎక్కువగా, ఈ ఊళ్లో చాలా ఇళ్లు షిఫ్టుల లెక్కన బతుకుతున్నాయి. అయినా మనకి అందే ఆరోగ్య సలహా మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకి లేవగలిగినవాడి కోసం రాసినట్టే ఉంటుంది. పరగడుపున గోరువెచ్చని నీళ్లు, ఆ తర్వాత ఒక గంట నడక, రాత్రి ఏడింటికల్లా భోజనం. రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కేవాడికి పరగడుపు ఏ వేళ? అతనికి ఏ ఏడింటికి భోజనం? ఎక్కువ అలసిపోయేది ఎవరో వాళ్లకే ఆ సలహా అందడం లేదు. అందుకే ఈ కథనం వాళ్లని ముందు పెట్టుకుని మొదలవుతోంది.

ముందు నిద్ర, తర్వాతే కషాయం

ఒంట్లో ప్రతి కణానికీ దాని వేళాపాళా ఉంది. దాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకు 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్య నోబెల్ ఇచ్చారు. అంతకు పదేళ్ల ముందే, 2007లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం ఒంటి గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని 'బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు' అనే జాబితాలో చేర్చింది. 2019లో రాత్రి డ్యూటీని మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. రాత్రి పని చేసిన ప్రతివారికీ జబ్బు వస్తుందని దీనర్థం కాదు. కానీ రాత్రిళ్లు పనిచేసే ఒంటికి పగటి నిద్ర విలాసం కాదనీ, ఆ నిద్రకి అడ్డొచ్చేదేదైనా ఆరోగ్యానికి అడ్డేననీ దీనర్థం.

సీ షిఫ్టు దిగి వచ్చిన మనిషికి ఏ మూలికా ఇవ్వలేనిది చీకటి గది ఇస్తుంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టినా చాలు. ఇంటికొచ్చే దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే, కళ్లలో పడే ఎండ ఒంటిని మేల్కొలపడం తగ్గుతుంది. కాఫీ, టీల విషయంలో వేళే ముఖ్యం. కెఫీన్ సగం అరగడానికే సుమారు 5 గంటలు పడుతుంది. డ్యూటీ మొదట్లో తాగిన అరకు కాఫీ మేలే చేస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర ఆపుకోవడానికి తాగిన టీ మాత్రం ఇంటికొచ్చాక మంచం మీద కూడా మెలకువగానే ఉంచుతుంది.

ఇంకో మాట. దీన్ని చదివి పక్కన పెట్టేయకండి. రాత్రంతా మేలుకుని గాజువాక మీదుగా హైవే పైన బండి నడపడం ప్రమాదం. కళ్లు మూతలు పడుతుంటే బండి ఎక్కే ముందు రెస్టు రూములో పావుగంట, ఇరవై నిమిషాలు కునుకు తీయండి. ఇంట్లోవాళ్లు 'ఇంకా రాలేదేటి?' అని ఫోన్ చేస్తే, ఆ ఇరవై నిమిషాల సంగతి వాళ్లకి ముందే తెలిసి ఉండాలి.

నిజానికి సీ షిఫ్టు ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. పొద్దున పదకొండింటికి కొరియర్ అబ్బాయి కాలింగ్ బెల్ కొడతాడు, మిక్సీ తిరుగుతుంది, పక్క పోర్షన్‌లో టీవీ మోగుతుంది. నాన్న నైట్ చేసొచ్చాడని పిల్లలు మునివేళ్ల మీద నడిచే ఇళ్లు ఈ ఊళ్లో బోలెడు. ఆ పిల్లలు చేస్తున్నది చిన్న పని కాదు. నా మటుకు నాకు, గాజువాక నుంచి మల్కాపురం దాకా ప్రతి ఇంటి తలుపుకీ 'నైట్ డ్యూటీ, బెల్ కొట్టవద్దు' అని ఒక అట్టముక్క వేలాడుతుంటే అంతకు మించిన ఆరోగ్య ప్రచారం లేదనిపిస్తుంది.

రాత్రి రెండింటి ఆకలి

రాత్రి తిన్నది ఒంటికి పగలు తిన్నట్టు పట్టదు. అదే అన్నం, అదే కొలత, అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. రాత్రి మేలుకున్నా భోజనాలు మాత్రం పగటివేళకే పెట్టుకున్న వాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదని 2021లో బోస్టన్‌లోని బ్రిగ్‌హమ్ ఆసుపత్రి పరిశోధకులు కొద్దిమందిపై చేసిన ప్రయోగంలో తేల్చారు. రాత్రంతా పస్తుండమని కాదు. డ్యూటీ ఎక్కే ముందే కడుపునిండా తినేసి, నడిరాత్రి ఆకలేస్తే తేలిగ్గా ఏదో ఒకటి. ఉడికించిన గుడ్డు, శనగ గుగ్గిళ్లు, ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ. గేటు బయట వేడివేడిగా వేసే బజ్జీలూ నూడుల్సూ ఆ వేళకి ఎంత రుచిగా ఉంటాయో ఎవరూ కాదనరు. కానీ గుండెల్లో మంటకి తెల్లారి జెలుసిల్ తాగే బాధకి మూలం అక్కడే ఉంటోంది.

మన ఊరికి మన ఊరి తిండి ఒకటుంది: చోడి అంబలి. రాగులు అని మిగతా ఆంధ్రమంతా అనేవాటిని ఇక్కడ చోళ్లు అంటాం. ముందురోజు పిండిని నీళ్లలో కలిపి పులియనిచ్చి, ఉడికిన నూకల్లో పోసి కలిపి, చల్లారాక మజ్జిగా ఉప్పూ వేసి, ఉల్లిపాయ ముక్క నంజుకుంటూ తాగుతారు. ఎండాకాలం బండ్ల మీద అమ్ముతారు, రిక్షా తొక్కేవాళ్లూ తాగుతారు, కార్లు ఆపుకునీ తాగుతారు. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. మనం మూడు పూటలా తినే పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల చుట్టూ. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకీ, రోజంతా నీడపట్టున కూర్చుని పనిచేసేవాళ్లకీ ఈ ఒక్క తేడా చాలు చోళ్ల వైపు చూడడానికి.

అయితే షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. చోళ్లు షుగర్‌కి మందు అని ఊళ్లో చాలామంది నమ్మకం. పలచగా ఉడికి జావగా మారిన ఏ పిండైనా త్వరగానే అరిగి రక్తంలోకి చేరుతుంది. గ్లాసు అంబలి తాగి మీద మామూలుగానే అన్నం తింటే లాభం లేదు. అన్నానికి బదులుగా తినాలి, వీలైతే ముద్దగానో రొట్టెగానో, పక్కన ఎంవీపీ రైతు బజారులో దొరికే తోటకూరో మునగాకో ఉండేలా.

చేపలరేవు ఉన్న ఊళ్లో ఉండి ఒమేగా క్యాప్సూళ్లు కొనుక్కునేవాళ్లని చూస్తే బాధేస్తుంది. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు. వంజరం పక్కన చవకచేపలని చిన్నచూపు చూస్తాం గానీ గుండెకి మేలుచేసే కొవ్వు వీటిలో సమృద్ధిగా ఉంది. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలు. ఎండు చేపల సంగతి వేరు, వాటిలో ఉప్పు దండిగా ఉంటుంది. రోజుకి ఒక మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ, అప్పడం, ఎండు చేపలు కలిసిన రోజు ఆ చెంచా మధ్యాహ్నానికే దాటిపోతుంది.

కొండ దిగి వచ్చిన సరుకు

సహజ ఔషధాల గురించి మాట్లాడుతూ విశాఖలో ఉన్న ఒక సంస్థ పేరు ఎత్తకపోతే తప్పు. గిరిజన సహకార సంస్థ. మనం జీసీసీ అంటాం. 1956లో పుట్టింది, ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో గిరిజనులు సేకరించిన, పండించిన సరుకుని దళారుల చేతిలో పడకుండా కొనడం దాని పని. తేనె, కరక్కాయ, ఉసిరి, కుంకుళ్లు, శీకాయ, చింతపండు, పసుపు, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకే మిరియాలు, నన్నారి. ఇంట్లో చిట్కా వైద్యానికి కావలసిందంతా ఒక్క దుకాణంలో దొరుకుతుంది, కొన్న డబ్బులో కొంత కొండ మీదకి చేరుతుంది.

వీటిలో ఏది దేనికి పనికొస్తుంది? రాత్రి నిద్రపోనివ్వని దగ్గుకి ఒక చెంచా తేనె నిజంగానే ఉపశమనం ఇస్తుంది. పిల్లల దగ్గు మీద జరిగిన పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి. ఏడాది నిండని పసివాళ్లకి మాత్రం తేనె నాకించకూడదు. అందులో ఉండగల బోట్యులిజం క్రిమి బీజాలు వాళ్ల పేగుల్లో ప్రాణాంతకం కావచ్చు. పురుడు పోసిన వెంటనే నాలిక మీద తేనె రాసే ఆచారం ఇంకా ఉన్న ఇళ్లలో బామ్మలకి ఈ సంగతి నెమ్మదిగా, గౌరవంగా చెప్పాలి. కడుపులో వికారానికి అల్లం పనిచేస్తుంది. గొంతు నొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలించడం మంచిదే. త్రిఫల చూర్ణం మెల్లగా విరేచనం చేయిస్తుంది, షిఫ్టులు మారినప్పుడల్లా కడుపు బిగుసుకుపోయేవాళ్లకి అప్పుడప్పుడూ ఆసరా. ఇక మిరియాల చారు... జలుబుని తగ్గిస్తుందో లేదో గానీ, వేడిగా ఏదో లోపలికి దిగి ఒళ్లు తేలికపడే ఆ సుఖాన్ని ఎవరు వద్దంటారు?

ఇబ్బంది వచ్చేది కూరలో చిటికెడు వేసేదాన్ని సీసాలో పోసి చెంచాల కొద్దీ తాగడం మొదలుపెట్టినప్పుడు. కరోనా రెండేళ్లూ ఇంటింటా కషాయాలు కాచాం. భయం అలాంటిది, అప్పుడు ఎవరినీ తప్పుపట్టలేం. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకి ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేల మంది బారులు తీరిన దృశ్యం ఇంకా కళ్ల ముందుంది. ఆ ఏడాదే ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్య పత్రికలో ప్రచురించారు. తిప్పతీగ క్షేమమేనని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి అమ్మే క్యాప్సూళ్ల వల్ల కాలేయం వాచిన కేసులు అమెరికాలోనూ నమోదయ్యాయి. మిరియం పసుపుని ఒంటికి బాగా పట్టేలా చేస్తుందని అందరూ మెచ్చుకునే గుణమే అక్కడ హాని చేసింది. పాడేరు పసుపు పప్పులో వేసుకుంటే భయం లేదు. క్యాప్సూల్ రూపంలో నెలల తరబడి మింగేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి.

మొక్కల్లో మందు లేదని కాదు. ఇదే కొండల్లో మలేరియా వస్తే ఆసుపత్రిలో ఇచ్చే ఆర్టిమిసినిన్ మాత్ర ఒక మొక్క నుంచి వచ్చిందే. దాన్ని విడదీసిన చైనా శాస్త్రవేత్త టూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. పాత వైద్య గ్రంథం ఆమెకి దారి చూపింది, మోతాదు మాత్రం ప్రయోగశాల చెప్పింది. ఆ రెండోది లేకుండా మొదటిదాన్ని గుడ్డిగా నమ్మడమే ప్రమాదం.

లీటరు నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు

ఇంటి వైద్యాల్లో అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడింది ఏదని అడిగితే నేను దీన్నే చెబుతాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలింది. బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో పెట్టి, రోగుల ఇంటివాళ్ల చేతే తాగించారు. మరణాలు బాగా తగ్గిపోయాయి. 2022లో ఆయన కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

విశాఖకి ఇది ఎందుకంటే, ఈ ఊరి ఎండ కన్నా ఉక్కపోత చెడ్డది. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫర్నేసు పక్కన నిలబడేవాళ్లు, ఓడ మీద పనిచేసే కళాసీలు, సెంట్రింగ్ పనివాళ్లు, మధ్యాహ్నం పూట పార్సిళ్లు పట్టుకుని మూడంతస్తులు ఎక్కే కుర్రాళ్లు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి, చెమట ధారగా పోయినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ తేట, నిమ్మరసం, గంజి. విరేచనాలో వాంతులో ఉంటే పైన చెప్పిన కొలత, లేదా మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం. కొలత తప్పకూడదు, ఎక్కువ ఉప్పు వేస్తే మేలుకి బదులు కీడే. బీపీ, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు ఉప్పు విషయంలో డాక్టరుని అడగాలి. ఎండలో పనిచేస్తున్న మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది చిట్కాల వేళ కాదు. నీడకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

నడకకి ఒక గంట ఎక్కడిది?

తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకి దారి వదలడం ఈ ఊరు చేసిన మంచి పనుల్లో ఒకటి. కానీ ఆ వేళ బీచ్‌కి రాలేనివాళ్లే ఎక్కువ. వాళ్లకి ఊరట కలిగించే సంగతి ఉంది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా కాలంగా చెబుతోంది. ఏకబిగిన కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న షరతుని 2020లో తీసేసింది. ముక్కలు ముక్కలుగా నడిచినా లెక్కే. రోజుకి పదివేల అడుగులన్న లెక్క కూడా శాస్త్రం తేల్చింది కాదు, 1965లో జపాన్‌లో అడుగుల మీటరు అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. అంతకన్నా తక్కువ నడిచినా మేలే.

1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల మీద ఒక పరిశోధన ప్రచురించాడు. ఒకే బస్సు, ఒకే డిపో, ఒకేలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకి గుండెపోట్లు తక్కువ. వాళ్లెవరూ వ్యాయామం పేరుతో ఏమీ చేయలేదు. పని చేశారంతే. క్రేన్ క్యాబిన్‌లో, కంట్రోల్ రూములో, కంప్యూటర్ ముందు ఎనిమిది గంటలు కూర్చునేవాళ్లకి ఇందులో పాఠం ఉంది: గంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు నడవడం, అన్నం తిన్నాక పది నిమిషాలు అటూ ఇటూ తిరగడం, అపార్ట్‌మెంటులో లిఫ్టు వదిలి మెట్లెక్కడం. తిన్న తర్వాతి నడక షుగర్‌ని అదుపులో పెడుతుందని రుజువైంది.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచే ఊరు మనది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా చుట్టి వచ్చే లక్షల మందిలో డెబ్బై ఏళ్ల అమ్మమ్మలూ ఉంటారు. కానీ ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఆ ఒక్క రాత్రి 32 కిలోమీటర్లు నడిస్తే మోకాళ్లకీ గుండెకీ భారమే. వైశాఖం నుంచే సాయంత్రాలు కాస్త కాస్త నడవడం మొదలుపెడితే అప్పన్న దర్శనమూ తేలిక, ఏడాది ఆరోగ్యమూ దక్కుతుంది.

బెల్లం ముక్కకి లొంగనిది

పాత ఊళ్లో, జ్ఞానాపురంలో ఇళ్లు తుడిస్తే గుడ్డకి నల్లగా అంటేది రేవు నుంచి వచ్చే బొగ్గుపొడి. బెల్లం ముక్క తింటే దుమ్ము కిందికి దిగిపోతుందని కార్మికుల్లో తరతరాలుగా ఒక నమ్మకం. బెల్లం వెళ్లేది కడుపులోకి, దుమ్ము చేరేది ఊపిరితిత్తుల్లోకి. పొడిచీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవడం, సరైన మాస్కు, పొగ మానేయడం కొంతవరకు కాపాడతాయి. అసలు పరిష్కారం మాత్రం మన వంటింట్లో లేదు. బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లాలి, సరుకు కప్పి తరలించాలి, గాలి నాణ్యతని కొలిచి జనానికి చెప్పాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ కూడా ఉంది, కాబట్టి అడిగే హక్కు మనకుంది. దగ్గే ప్రతి బిడ్డకీ తులసి రసం పోస్తూ ఈ ప్రశ్న అడగకపోవడం బాధ్యత తప్పించుకోవడమే అంటాను.

ఇంకొకటి, పచ్చకామెర్లకి పసరు. 'పసరు పోయించాం, నయమైపోయింది' అనే మాట ఉత్తరాంధ్రలో వినని ఇల్లు ఉండదు. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకి దక్కుతుంది. కానీ పిత్తాశయంలో రాయి అడ్డుపడినా, హెపటైటిస్ బీ ఉన్నా, గర్భిణికి హెపటైటిస్ ఈ వచ్చినా పసుపు రంగు అదే. కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష. కుక్క కరిస్తే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి టీకా. పాము కరిస్తే నేరుగా ఆసుపత్రి. ఈ మూడింటికి ఇంటి వైద్యం లేదు. 1923 నుంచి ఈ ప్రాంతానికి పెద్ద దిక్కుగా ఉన్న కేజీహెచ్ ఉన్న ఊళ్లో ఆ మాట గట్టిగా చెప్పగలగాలి.

బీపీ మాట కూడా ఇక్కడే. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు కాబట్టి బీపీ లేదనుకుంటారు. అది నొప్పి పెట్టని జబ్బు. వీక్లీ ఆఫ్ రోజున దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి కొలిపించుకోండి, డబ్బు తీసుకోరు. నైట్ దిగి నేరుగా కాకుండా, నిద్రపోయి లేచాక, ఐదు నిమిషాలు కూర్చున్నాక కొలిస్తేనే సరైన అంకె వస్తుంది. రెండు మూడుసార్లు 140/90 దాటితే డాక్టరు చెప్పిన మాత్ర మొదలుపెట్టాలి. దాంతోపాటు చోడి అంబలీ, కవళ్ల పులుసూ, మెట్లెక్కడమూ అన్నీ కొనసాగించొచ్చు. షిఫ్టు మారే వారంలో మాత్ర ఏ పూట వేసుకోవాలో డాక్టరునే అడిగి రాయించుకుని, ఆ కాగితాన్ని డ్యూటీ చార్టు పక్కనే అంటించండి.